క్యాలెండరు మీద తాళంచెవి

కరుణాకర్ మాస్టారికి సలహా చెప్పడం కంటే పిడుగురాళ్ల సున్నపు బట్టీలో చెయ్యి పెట్టడం నయమని ఆయన భార్య మహిమ కాపురానికి వచ్చిన కొత్తలోనే గ్రహించింది. మనిషి చెడ్డవాడేం కాదు. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాడు, ఊళ్ళో ఎవరి మిక్సీ పాడైనా ఊడదీసి బిగించి ఇస్తాడు, చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే ఆయనకు ఆకలి కూడా గుర్తుండదు. చిక్కల్లా ఒక్కటే. తనకు తెలియని సంగతి ఇంకొకడికి తెలుసంటే ఆయనకు ఒళ్ళు మంట.

ఆయన ఇంటి ముందు గదిలో, బీరువా పక్కన ఒక పాత కంప్యూటరు రాత్రింబగళ్ళు తిరుగుతూ ఉండేది. దానికి రెండు పెద్ద హార్డు డిస్కులు. పదిహేనేళ్ళుగా ఆ ఊరి చర్చి సంఘంలో జరిగిన పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, భూస్థాపనలు, పిల్లలు గడ్డాలు అంటించుకుని ఆడిన క్రిస్మస్ నాటికలు అన్నీ అందులో ఉన్నాయి. మాస్టారు దాన్ని సర్వరు అనేవాడు, ఊరు మాత్రం మాస్టారింటి సినిమా పెట్టె అనేది. ఆ ఇంటి వైఫై అందినంత మేర టీవీలోనైనా ఫోన్లోనైనా వాటిని చూసుకోవచ్చు. మిరప కోతలు లేని రోజుల్లో ఆడవాళ్ళు వచ్చి, "మా అమ్మ ఉన్న పెళ్ళి పెట్టండి మాస్టారూ" అని అడిగి, చాప మీద కూర్చుని, చనిపోయిన మనిషి లడ్డూలు పంచుతుంటే చూసి కళ్ళు తుడుచుకుని పోయేవాళ్ళు. అలాంటప్పుడు మాస్టారి మొహం చూడాలి, ఆ మనిషిని తనే లేపి కూర్చోబెట్టినంత వెలిగిపోయేది.

అంతటితో ఆగితే ఈ కథ లేదు. ఒంగోలులో గ్రానైటు పనికి, హైదరాబాదులో అపార్టుమెంట్ల కాపలాకి వెళ్ళినవాళ్ళు అక్కడి నుంచే చూసుకునేలా చేయాలని ఆయనకు బుద్ధి పుట్టింది. డిసెంబరులో కొత్త నెట్ కనెక్షను పెట్టించాడు. పెట్టడానికి వచ్చినవాడు మాలిక్, గౌస్ బాషా నడిపే నెట్ ఆఫీసులో పని చేస్తాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, కానీ పదో తరగతిలో మాస్టారి దగ్గర చదివాడు కాబట్టి మాస్టారి కళ్ళకు ఇంకా వెనక బెంచీలోనే కూర్చుని ఉన్నాడు.

మాస్టారు చేయబోయేది విని మాలిక్ తల గోక్కున్నాడు.

"సార్, బయటికి ఇట్టా తలుపు తెరిచి పెడితే మనవాళ్ళే రారు, ఎవరైనా వస్తారు. వీపీఎన్ పెట్టుకుందాం. అంటే బయట ఉన్న ఫోనుకీ మీ ఇంటికీ మధ్య ఒక సొంత సొరంగం అనుకోండి. ఒక్కో ఫోనుకి ఒక్కో తాళంచెవి. ఎవరి ఫోనన్నా పోయిందనుకోండి, ఆ ఒక్క తాళంచెవి రద్దు చేస్తే సరిపోద్ది. అరగంట పని సార్, నేను చేసి పెడతా."

"ఏరా మాలిక్, ఓం నియమం చెప్పలేక బెంచీ ఎక్కావు, గుర్తుందా?"

"గుర్తుంది సార్."

"మరి నాకే పాఠం చెప్తన్నావా? మన వీరమ్మ ఫోను ఎత్తడమే మొన్న నేర్చుకుంది. ఆమెకి సొరంగాలూ తాళంచెవులూ ఎక్కడ నేర్పను? ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, అందరికీ అదే. మన సంఘం వీడియోలు దొంగిలించి ఎవడు బాగుపడతాడురా?"

మాలిక్ మర్యాదకు నవ్వి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మాస్టారు చేసిన పని ఆయన మాత్రమే చేయగలడు. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో సంఘానికి బైబిల్లోంచి ఒక వాగ్దాన వాక్యం ఇస్తారు. దాన్ని పెద్ద అక్షరాలతో క్యాలెండరు మీద అచ్చు వేసి ఇంటింటికీ పంచుతారు. ఆ వాక్యం పక్కన ఉండే అధ్యాయం, వచనం అంకెలే పాస్‌వర్డుగా పెట్టాడు. ఎవరూ మరిచిపోకూడదని. సర్వరు చిరునామా ఎలా తెలుస్తుంది మరి? అదీ, అందరూ కొట్టాల్సిన పేరూ కూడా అదే క్యాలెండరు అడుగున అచ్చు వేయించాడు. పైగా జనవరి ఒకటిన మైకు పట్టుకుని, "పాస్‌వర్డు మరిచిపోతే గోడ వైపు చూడండి" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. అచ్చుకు సాయం చేసిన బుల్లయ్య మేస్త్రి పేరు కూడా అడుగున పడింది గనుక, ఒక కట్ట ఆయన కూలీలను నడిపే కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. టీ కొట్టులో ఒకటి, మంగలి షాపులో ఒకటి వేలాడాయి.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం మాస్టారి ఇంట్లో స్త్రీల ఉపవాస ప్రార్థన జరిగింది. దాన్ని నడిపేది మహిమ. పనికి వెళ్ళి రాలేకపోయినవాళ్ళ కోసం పాటలూ ప్రార్థనా ఫోన్లో రికార్డు చేస్తుంది. ఆమె ఫోన్లో ఏది రికార్డయినా దానంతటదే సర్వర్లోకి ఎక్కేలా మాస్టారు అమర్చాడు, అది ఆయనకు ఇంకొక గొప్ప. ఆడవాళ్ళు తమ కష్టాలూ తప్పులూ దాచకుండా చెప్పుకునే సాక్ష్యాలు మాత్రం ఆ రోజే తీసేయాలని ముందు నుంచీ కట్టుబాటు. తీసేసే పని మాస్టారిదే.

ఆ రోజు సాక్ష్యం చెప్పడానికి లేచింది శాంతి. రోడ్డు మీది కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల్లోంచి తాలు కాయలు ఏరే పని ఆమెది, ఎనిమిదేళ్ళుగా బుల్లయ్య మేస్త్రి కిందే చేస్తోంది. లేచింది కానీ స్టాండు మీద ఉన్న ఫోను వైపే చూస్తోంది. వంటింటి గుమ్మంలో మంచినీళ్ళు తాగుతున్న మాస్టారు అది గమనించాడు.

"చెప్పుకో అమ్మా శాంతీ. నీ మాటలు నేను తీసేస్తాను. మా ఇంట్లో ఉన్నదంటే మా బీరువాలో ఉన్నట్టే."

ఆమె ఆ మాట నమ్మింది. మాస్టారు మర్యాదగా వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చుని ఒంగోలులో ఉన్న తోడల్లుడికి ఫోను చేశాడు, తన సర్వరు అక్కడ ఎంత బాగా వస్తోందో చూడమని. ఆ మాట ఈ మాటగా గంట గడిచింది. తీసేయవలసింది తీసేయడం మరిచిపోయాడు. శనివారమూ గుర్తు రాలేదు, ఆదివారమూ గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున బడికి పోతూ టీ కొట్టు దగ్గర ఆగాడు. నలుగురు మగవాళ్ళు ఒక ఫోను మీదికి వంగి ఉన్నారు. అందులోంచి ఏడుపు కలిసిన ఆడగొంతు వినబడుతోంది. బాబుకి కామెర్లు వచ్చినప్పుడు దిక్కు తోచక నెల రోజులు క్యారేజీలో రోజుకి రెండు గుప్పిళ్ళు మంచి కాయలు పోసుకుని బయటికి తెచ్చాననీ, తనను నమ్మిన మేస్త్రి మొహం చూడలేకపోతున్నాననీ, ఆయన ముందు నిలబడి చెప్పుకునే బలం కోసం ప్రార్థించమనీ ఆ గొంతు అడుగుతోంది. మాస్టారు తొంగి చూశాడు. మనిషి కంటే ముందు ఆయనకు కనబడింది వెనక ఉన్న పచ్చపూల కర్టెను. అది తన ఇంటిది. చేతిలోని గ్లాసు అక్కడే పెట్టేసి, టీ తాగకుండానే బడికి పోయాడు. ఆ రోజు తొమ్మిదో తరగతికి ఏం చెప్పాడో ఆయనకే తెలియదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి శాంతి అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చుట్టూ ఐదారుగురు ఆడవాళ్ళు. పొద్దున కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరే బుల్లయ్య ఆమెను ఆపి, ఆమె నోరు తెరవకముందే ఫోను తీసి వినిపించి, రేపటి నుంచి రావద్దన్నాడట. వెనక నలభై మంది ఆడవాళ్ళు నిలబడి విన్నారట.

"ఎవరు చేశారక్కా?" అని శాంతి మహిమను అడిగింది. "నేను మీ గదిలో చెప్పుకున్నా. బయటికెట్టా పోయింది?"

మహిమ భర్త మొహం వంక చూసింది. ఆయన చెప్పులు విప్పుకుంటున్నాడు. ఒక జత చెప్పులు విప్పడానికి అంతసేపు పట్టిన మనిషి ఊళ్ళో ఇంకొకడు ఉండడు.

"ఇంకెవరు, ఆ నెట్టు మాలిక్కే" అంది వీరమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. "వైర్లన్నీ వాడి చేతిలోనే కదా. పోయిన వారం స్తంభం ఎక్కి ఇంట్లోకే చూస్తన్నాడు. అవునా కాదా మాస్టారూ?"

అందరూ ఆయన వైపు తిరిగారు. వైరు పట్టుకున్నంత మాత్రాన వీడియోలు చేతికి రావని ఆయనకు తెలుసు. క్యాలెండరు వేలాడుతున్న ప్రతి గోడా తన ఇంటికి దారేనని పొద్దున టీ కొట్టు దగ్గరే తెలిసిపోయింది. రెండు ముక్కలు చెబితే అయిపోయేది. కానీ శాంతి కళ్ళు ఆయన మీదే ఉన్నాయి, బీరువా మాట ఆయన చెవుల్లోనే గింగురుమంటోంది.

"ఏమో, చెప్పలేం" అన్నాడు మాస్టారు.

పాతికేళ్ళు పాఠాలు చెప్పినవాడు, ఏది కారణమో ఏది కాదో పిల్లలకు బోర్డు మీద గీసి చూపించినవాడు అన్న మాట అది. లోపలికి పోయి తలుపు వేసుకుని సర్వరు ముందు కూర్చున్నాడు. ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చూశారో అందులో వరసగా రాసి ఉంటుంది. అంతవరకూ ఆ పేజీ తెరిచి చూడాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఎవరో మొబైలు డేటా మీద వచ్చారు. అందరికీ ఇచ్చిన పేరే కొట్టారు, అందరికీ ఇచ్చిన అంకెలే కొట్టారు. స్త్రీల కూడిక అనే ఫోల్డరు తెరిచి ఆ వీడియో రెండుసార్లు చూసి, తమ ఫోన్లోకి దించుకున్నారు. మాస్టారు వీడియో తీసేశాడు. శుక్రవారం చేయవలసిన పని సోమవారం చేసి, సిగ్గుతో ఆ చీకటి గదిలోనే చాలాసేపు కూర్చున్నాడు.

"చెప్పలేం" అన్న మాటకు ఊళ్ళో కాళ్ళొచ్చాయి. మాస్టారంతటివాడు కాదనలేదంటే ఉన్నట్టే కదా అన్నారు. మంగళవారం గౌస్ బాషా ఆఫీసుకు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు, ఆ మాలిక్ మా గడప తొక్కితే కనెక్షను పీకేయిస్తామని. గౌస్ బాషా మాలిక్‌ను ఇంట్లో కూర్చోమన్నాడు.

బుధవారం సాయంత్రం మాలిక్ మాస్టారి ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే ఆగాడు.

"సార్, రావచ్చా?"

ఎప్పుడూ అడగకుండా వచ్చేవాడు అలా అడగడంతో మాస్టారు గబుక్కున కుర్చీలోంచి లేచాడు. "రారా, రా" అన్నాడు.

"మీరు ఒక్క మాట చెప్పాలి సార్. వైరు నుంచి నాకేం కనపడదని. మీరు చెప్తే వింటారు. నేను చెప్తే ఎవరూ వినట్లా."

"చూద్దాంలేరా. ముందు ఆ సొరంగం సంగతేదో చూడు."

ఆ మాట ఎలా నోట్లోంచి వచ్చిందో ఆయనకే తెలియలేదు. పని పోయి ఇంటికి వచ్చినవాడికి పని చెప్పాడు. మాలిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయటికి తెరిచిన తలుపు మూసేశాడు. వీపీఎన్ పెట్టాడు. మొదటి తాళంచెవి మహిమ ఫోనుకు ఎక్కించి, వైఫై ఆపేసి, వీధి చివరిదాకా నడిచి అక్కడి నుంచి వస్తోందో లేదో చూసి వచ్చాడు. నిజంగానే అరగంట పట్టింది.

తిరిగి వచ్చి కూర్చున్నాక, పాత తలుపు గుండా ఇంకెవరైనా లోపల ఉన్నారేమో చూడాలని ఆ వరస రాసి ఉన్న పేజీ తెరిచాడు. శనివారం మూడు గంటల దగ్గర అతని వేలు ఆగింది. చదివాడు, మళ్ళీ చదివాడు. మాస్టారు వెనక నిలబడ్డాడు. మాలిక్ స్క్రీను కాస్త మాస్టారి వైపు తిప్పాడు, అంతే. తిప్పి ఎదురు చూశాడు.

మాస్టారు బల్ల మీది స్క్రూడ్రైవరు తీసి డబ్బాలో పెట్టాడు.

"సార్, ఈ పేజీ ఒక ఫోటో తీసుకోనా? మా ఓనరుకి చూపిస్తా. వచ్చినోళ్ళు మామూలు పాస్‌వర్డుతోనే వచ్చారని తెలుస్తది."

"అది సంఘం విషయం కదరా" అన్నాడు మాస్టారు. "బయటికి పోకూడదు."

మాలిక్ తల తిప్పి ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, దాన్ని మాస్టారు తట్టుకునేవాడు. "సరే సార్" అని ఫోను జేబులో పెట్టుకుని, మిగతా ఫోన్లకు తాళంచెవులు ఎలా ఎక్కించాలో ఒక కాగితం మీద వరసగా రాసి ఇచ్చి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మాస్టారికి తన మీద తనకే రోత పుట్టింది. సంఘం గుట్టును గోడగోడకూ అతికించినవాడు ఒక మనిషి అన్నం నిలబెట్టే ఆధారాన్ని గుట్టు పేరు చెప్పి ఆపాడు.

శనివారం మహిమ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఆ రోజు నా ఫోనులోది తీసేశారా?"

"తీసేశాను."

"ఎప్పుడు?"

ఆయన ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. మహిమ మళ్ళీ అడగలేదు, గరిటె గిన్నెలో పెట్టి వంటింట్లోకి పోయింది. ఆమె అడిగి ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి. అడిగితే చెప్పేవాడు. తనంత తానుగా చెప్పడమే చేతకావడం లేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు ప్రేమదాసు అయ్యగారు ప్రకటనల దగ్గర మాస్టారి పేరెత్తాడు. జరిగినదానికి సంఘం బాధపడుతోందనీ, నెట్ వాళ్ళెవరూ ఇక తొంగి చూడకుండా మన కరుణాకర్ మాస్టారు శ్రమపడి గట్టి తాళం వేశారనీ, ఆయన కోసం అందరూ దేవునికి కృతజ్ఞతలు చెల్లించాలనీ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే శాంతి ఆ రోజు చివర, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చుంది. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది. అది చూశాక మాస్టారి కాళ్ళు ఆయన మాట వినలేదు, లేచి నిలబడ్డాయి.

"అయ్యగారూ, ఆ తాళం వేసింది నేను కాదు" అన్నాడు. "మాలిక్ వేశాడు. డిసెంబరులోనే వేస్తానన్నాడు, నేనే ఎగతాళి చేసి పంపేశాను. వీడియో బయటికి పోయింది అతని వల్ల కాదు. శాంతి మాటలు తీసేస్తానని చెప్పి నేను మరిచిపోయాను. పాస్‌వర్డు నేనే క్యాలెండరు మీద వేయించాను. సోమవారమే నాకు తెలుసు. వీరమ్మ అడిగితే చెప్పలేం అన్నాను. తెలిసే అన్నాను."

ప్రేమదాసు అయ్యగారు మెట్లు దిగి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. ప్రార్థన ముగియగానే ఒక పెద్దమనిషి బయటికి పోయి గౌస్ బాషాకు ఫోను చేశాడు. మాస్టారు తానే మాలిక్‌కు చేసి జరిగింది చెప్పాడు. అవతల నుంచి "సరే సార్" అన్నాడు మాలిక్. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు.

ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బల్ల వేశారు. మాలిక్ రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని మాస్టారు ఒక్కో ఫోనుకు ఒక్కో తాళంచెవి ఎక్కిస్తున్నాడు. వరసలో వచ్చినవాళ్ళంతా ఆయన చెయ్యి పట్టుకుంటున్నారు. ఎంత ధైర్యం మాస్టారూ అంటున్నారు. అందరి ముందూ ఒప్పుకోవడం మాటలా అంటున్నారు. వారం రోజులుగా ఆయన గుండెల మీద ఉన్న బరువు కాస్త దిగింది. నిజం చెప్పాలంటే ఆ మెప్పు తియ్యగానే ఉంది. ఆ తీపి తనకు తెలిసినందుకు మాస్టారికి మళ్ళీ సిగ్గేసింది, అయినా చెయ్యి చాచినవాళ్ళందరికీ చెయ్యి ఇచ్చాడు.

వరసలో శాంతి వచ్చింది. ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఫోను ఇవ్వమ్మా."

"ఫోను కోసం రాలేదు మాస్టారూ. మాలిక్‌ని మళ్ళీ పనిలోకి రమ్మన్నారంట. మంచి పని చేశారు."

"బుల్లయ్యతో కూడా నేను మాట్లాడతానమ్మా. రేపే పోతాను."

"వద్దండీ. మీరు పోతే ఏమంటాడు, దొంగని వెనకేసుకొచ్చావంటాడు." ఆమె గొంతు పెంచలేదు, వెనక ఉన్నవాళ్ళకు కూడా సరిగా వినబడి ఉండదు. "రెండు నెలల్నుంచి నాలో నేనే అనుకుంటన్నా మాస్టారూ, పోయి చెప్పాలి, చెప్పాలి అని. ఆ శుక్రవారం అందుకే ప్రార్థన చేయమన్నా. సోమవారం చెబుదామనే పోయా. కొత్త చీర కట్టుకుని పోయా. నా నోటితో వినుంటే తిట్టేవాడు, నాలుగు రోజులు పని మానిపించేవాడు. తర్వాత మళ్ళీ రమ్మనేవాడు, నాకు తెలుసు, ఎనిమిదేళ్ళు చూశా ఆయన్ని. నేను నోరు తెరిచేలోపు నా గొంతు ఆయన ఫోన్లో పలికింది."

మాస్టారు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ తప్పు మీరు చెప్పుకున్నారు. అందరూ మీ చెయ్యి పట్టుకుంటన్నారు. రేపు మీరు బడికి పోతారు. నా తప్పు నన్ను చెప్పుకోనీలేదు మాస్టారూ. నేనెక్కడికి పోను?"

సమాధానం కోసం ఆమె ఆగలేదు. మెట్లు దిగి, చెప్పులు వెతుక్కుని, రోడ్డు వైపు వెళ్ళిపోయింది. ఆమె వెనక నిలబడ్డ వీరమ్మ తన ఫోను మాస్టారి చేతిలో పెట్టి, త్వరగా కానీయండి అంది. మాస్టారు కాగితం వంక చూశాడు. ఇందాకటి నుంచి పదిహేను ఫోన్లకు చేసిన పనే, ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు గుర్తు రాలేదు.